పదకొండో నుదురు

టీచరమ్మ పోయిందన్న కబురు మంగళవారం పొద్దున ఫోన్లో వచ్చింది. ఇప్పుడు నేను పనిచేస్తున్న ఇంట్లో ఫోన్ వంటగది తలుపు పక్కనే ఉంటుంది. మేడం ఎత్తి, "నీకే" అని నా చేతికిచ్చింది. బహ్రెయిన్‌కు వచ్చిన ఇన్నేళ్ళలో పనిచేసే ఇంటికి నాకంటూ ఫోన్ రావడం అదే మొదటిసారి. అవతల నర్సమ్మ. టీచరమ్మకు స్నేహితురాలు, అమెరికా నేవీ వాళ్ళ దవాఖానాలో నర్సు. "కూర్చుని ఉన్నావా?" అని అడిగింది ముందు. నిలబడే ఉన్నాను, చేతిలో సగం చెక్కు తీసిన బీరకాయ ఉంది. "కూర్చున్నా" అన్నాను. "మన టీచర్ పోయింది. మొన్న ఆదివారం, వాళ్ళ ఊళ్ళో, నిద్రలోనే" అంది.

నాకు ఏడుపు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ముందు వచ్చింది అయోమయం. మా నిజామాబాదు వైపు అయినవాళ్ళ చావు కబురు వింటే ఎక్కడున్నవాళ్ళం అక్కడే లేచి తలమీద నీళ్ళు పోసుకుంటాం. మరి టీచరమ్మ నాకు ఏమవుతుంది? ఏ వరసా కాదు. కులం కాదు, మతం కాదు, దేశం కాదు. ఆమె ఇంట్లో నాలుగేళ్ళు గిన్నెలు తోమాను, బట్టలు ఉతికాను, అంతే కదా. పొద్దున పదిగంటలకు ఇంకొకరి ఇంట్లో తలస్నానం చేస్తే ఈ మేడం ఏమనుకుంటుంది? ఆ ఆలోచనలోనే బీరకాయ మొత్తం చెక్కేశాను, తరిగేశాను, పొయ్యిమీద వేసేశాను. ఆ తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను. అది మైల కడుక్కోవడమో, ఉత్త బీరకాయ జిగురు కడుక్కోవడమో నాకే తెలియలేదు.

ఇక్కడి మనవాళ్ళు ఏడాదికోసారి అచ్చువేసే ఈ చిన్న పుస్తకానికి ఏదైనా రాయమని నన్ను అడిగి రెండు నెలలైంది. ఇంటర్ దాకా చదివిన పనిమనిషి అంటే వాళ్ళకు ముచ్చట. సర్వపిండి చేసే పద్ధతి రాసిద్దామనుకున్నాను. ఇప్పుడు అది రాయలేను. ఆమెను మీరెవరూ ఎరగరు, ఎరిగే వీలూ లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. నేను చేసిన తప్పు ఆమెకు తెలుసో తెలియదో, తెలిస్తే క్షమించిందో లేదో, ఏదీ తేలకుండానే ఆమె పోయింది.

కువైట్ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు నేను మనామాలో హూరా పేటలోని ఆమె ఇంటికి పనికి వెళ్ళాను. మా ఆయన అప్పటికే మీనా సల్మాన్ రేవులో ఒక గోదాములో డ్రైవరు. ఆయనకు తెలిసిన వాచ్‌మన్ ఎవరో "అమెరికా మేడం, ఇంగ్లీషు బడిలో టీచర్, ఒక్కతే ఉంటుంది" అని చెప్పాడు. అమెరికా అనగానే నా బుర్రలో ఒక తెల్లటి దొరసాని వచ్చి కూర్చుంది. మూడో అంతస్తు మెట్లెక్కి తలుపు కొట్టాను. తలుపు తీసింది ఒక నల్లని మనిషి. యాభై దాటిన వయసు, తలకు పట్టు రుమాలు, చేతిలో తడిగుడ్డ. నాకంటే ముందే పనికి కుదిరిన మనిషనుకున్నాను. "మేడం లేదా?" అని అడిగాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఉంది. నీ ఎదురుగానే ఉంది" అంది. నేను అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. మా ఊళ్ళో నన్ను చిన్నప్పటినుంచీ కర్రెపిల్ల అనే పిలిచారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల రంగు తక్కువని లేచిపోతే మా అమ్మ ఏడ్చింది. అలాంటి నేనే వచ్చి ఆమె గుమ్మంలో నిలబడి ఆ మాట అడిగాను. ఆమె మాత్రం తడిగుడ్డ పక్కన పడేసి, కుర్చీ లాగి, కూర్చోమంది. నేను కూర్చోలేదు. అప్పుడు అన్న మాటే ఆ తర్వాత నాలుగేళ్ళూ అంటూ వచ్చింది: "కూర్చుని మాట్లాడు. నిలబడి మాట్లాడితే పని మాటలే వస్తాయి."

మా మాటలు సగం ఇంగ్లీషు, సగం ఆమె ఇక్కడి బజార్లో నేర్చిన హిందీ, సగం చేతుల సైగలు. లెక్క ఎక్కువైందని మీరనవచ్చు, కానీ మాకు ఎప్పుడూ కొంత ఎక్కువే పట్టేది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. పిల్లల నోటుబుక్కులు ఆకుపచ్చ పెన్సిలుతో దిద్దేది, ఎర్ర రంగు చూస్తే పిల్లలు బెదురుతారట. టీ చల్లార్చి మంచుముక్కలు వేసుకుని తాగేది, అది చూస్తే నాకు పళ్ళు జిల్లుమనేవి. బెండకాయ అంటే ప్రాణం. కొత్త సంవత్సరం రోజున బియ్యంలో బొబ్బర్లు వేసి వండేది, అవి తినకపోతే ఏడాది కలిసిరాదని వాళ్ళమ్మ చెప్పేదట. మా ఇళ్ళల్లో ఉడకేసుకునే బొబ్బర్లే. అమెరికాలో బొబ్బర్లు తింటారని నేను చెబితే మా ఆయన ఇప్పటికీ నమ్మడు. బట్టలన్నీ నాతో ఇస్త్రీ చేయించేది గానీ, ఒక్క తెల్లని గౌను మాత్రం నన్ను ముట్టనిచ్చేది కాదు. ఏడాదికోసారి పెట్టెలోంచి తీసి తానే ఇస్త్రీ చేసుకునేది.

వచ్చిన రెండు నెలలకు "మీ భాషలో సిస్టర్‌ను ఏమంటారు?" అని అడిగింది. పెద్దదైతే అక్క, చిన్నదైతే చెల్లె అని చెప్పాను. ఆ రోజునుంచి నన్ను "చెల్లె" అనే పిలిచింది. ఆ "ల్లె" పలకడానికి వారం రోజులు నాలుక మడతపెట్టి కష్టపడింది. "మరి నువ్వు నన్నేమని పిలవాలి?" అంది. "అక్క అనాలె. గని మీరు మేడం గద" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. నేను టీచరమ్మ అనే పిలిచాను, చివరిదాకా.

ముందుగదిలో సోఫా మీద గోడకు ఒక పెద్ద ఫోటో ఉండేది. పాతకాలపు ఫోటో. పదకొండుమంది అమ్మాయిలు, అందరూ నల్లవాళ్ళు, అందరూ తెల్లబట్టల్లో, మెట్లమీద రెండు వరసలుగా నిలబడి ఉన్నారు. పదిమంది కెమెరా వంక బిర్రబిగుసుకుని చూస్తున్నారు. ఎడమపక్క చివరన ఉన్న పిల్ల ఒక్కతే ఫోటో తీసేటప్పుడు కదిలింది. మొహం కాస్త చెదిరి, పక్కకు చూసి నవ్వుతున్నట్టుంటుంది. ఎవరు వీళ్ళని అడిగితే టీచరమ్మ "మా వాళ్ళు. నన్ను ఇంతదాన్ని చేసినవాళ్ళు. ఎనభై ఏళ్ళ కిందటి ఫోటో" అంది. బడికి టైమైందని వెళ్ళిపోయింది.

ఆ ముక్క చాలదా నాకు? ఎనభై ఏళ్ళ కిందటి ఫోటో, మా వాళ్ళు, గోడకు అంత ఎత్తున పెట్టుకుంది. ఇంట్లో పెద్దల ఫోటో అది. పాపం, వాటిని చూసుకోవడం కూడా ఈమెకు ఎవరూ నేర్పలేదనుకున్నాను. గురువారం సాయంత్రం మనామా బజారులో గుడిసందుకు పోయి మల్లెదండ కొన్నాను. వారానికోసారి మన దేశం నుంచి విమానంలో దిగేవి ఆ పూలు. మర్నాడు, ఇక్కడి సెలవు రోజైన శుక్రవారం, టీచరమ్మ చర్చికి పోయినప్పుడు స్టూలెక్కి, అద్దం తుడిచి, పదకొండు నుదుళ్ళకూ ఉంగరపు వేలితో కుంకుమ బొట్లు పెట్టి, దండ వేశాను. నాకు ఆ పూట కడుపు నిండినట్టుంది.

ఆమె వచ్చి ఫోటో చూసి చెప్పులు విప్పడం కూడా మరచి నిలబడిపోయింది. "మా తాన పెద్దలకు గిట్లనే జేస్తం" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఇంకేం అడగలేదు, నేనూ ఇంకేం చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి గురువారం దండ తెచ్చాను. నా కుంకుమ డబ్బీ వంటగదిలో ఉప్పు సీసా పక్కనే ఉండేది. ఎండాకాలం పోయింది, చలి వచ్చింది, కొత్త సంవత్సరపు బొబ్బర్లు తిన్నాం.

జనవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం నర్సమ్మ, ఇంకో అమెరికా ఆవిడ తెల్లగౌన్లు వేసుకుని వచ్చారు. టీచరమ్మ కూడా తాను ఇస్త్రీ చేసుకున్న గౌను వేసుకుంది. పరదాలు వేసి, ఫోటో ముందు బల్లమీద పదకొండు కొవ్వొత్తులు నిలబెట్టారు. నేను వంటగదిలోకి పోబోతే టీచరమ్మ చెయ్యి పట్టుకుని "ఇవాళ నీకు పని లేదు. మాతో కూర్చో" అంది. ఆ రోజే నాకు వాళ్ళ కథ చెప్పారు. నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను.

ఆ పదకొండుమందీ ఒకే కాలేజీలో చదివిన పిల్లలు. ఇరవై ఏళ్ళు కూడా నిండనివాళ్ళు. ఒకామె తల్లి ఊరివాళ్ళ బట్టలు ఉతికి చదివించింది. నల్లవాళ్ళు ముందు తలుపు కొడితే వెనక తలుపుకు రమ్మనే కాలం అది. కూర్చుని మాట్లాడుకోవడానికి వాళ్ళకు ఎవరూ గది ఇవ్వకపోతే, ఒకామె హాస్టలు గదిలో మంచం మీద కొందరు, నేలమీద కొందరు కూర్చున్నారట. మొదటిరోజు వాళ్ళు చేసిన పని ఒక కాగితం మీద పదకొండు పేర్లు రాసుకోవడం, మనం ఒకరికొకరం అక్కచెల్లెళ్ళం అనుకోవడం. అంతే. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి చదువు చెప్పారు, రోగులకు సేవ చేశారు, ఓటు కోసం నడిచారు. ఆ కాగితం మీద తర్వాత్తర్వాత వేలమంది ఆడవాళ్ళు చేరారు. వాళ్ళలో టీచరమ్మ ఒకతె, నర్సమ్మ ఒకతె.

వెనక తలుపు మాట చెబుతున్నప్పుడు టీచరమ్మ నా వంక చూడలేదు. నేనే తల వంచుకున్నాను.

"అంటే వీళ్ళు మీకు చుట్టాలు గారా?" అని అడిగాను. కాదంది. "మరి?" అంటే "అక్కలు" అంది. ముత్తవ్వల వయసున్నవాళ్ళు అక్కలెట్లా అవుతారో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. మనకు అక్క కావాలంటే ఒక తల్లి కడుపునైనా పుట్టాలి, ఒక ఇంటి కోడలైనా కావాలి. కాగితం మీద పేరు రాసుకుంటే అక్కవుతుందా?

తర్వాత వాళ్ళు ఒక్కొక్క పేరు చదువుతూ ఒక్కొక్క కొవ్వొత్తి వెలిగించారు. పేరు, పుట్టిన ఊరు, చేసిన పని. పదిపేర్లు అట్లాగే నెమ్మదిగా నడిచాయి. పదకొండో పేరు మాత్రం ముగ్గురూ గట్టిగా పలికి, చప్పట్లు కొట్టి, నవ్వారు. కొవ్వొత్తి వెలిగించలేదు. మరచిపోయారనుకున్నాను. పెద్దల పూజలో ఒకరికి తక్కువ చేస్తే ఎంత దోషం! నేనే లేచి, అగ్గిపుల్ల గీసి, పదకొండో కొవ్వొత్తి వెలిగించాను.

ముగ్గురూ "అయ్యో, అయ్యో" అన్నారు. టీచరమ్మ ముందుకు వంగి ఉఫ్‌మని ఊది ఆర్పేసింది. వెలిగించిన దీపాన్ని నోటితో ఊది ఆర్పడమా! ఆమె పగలబడి నవ్వుతూ "చెల్లె, ఆమె ఇంకా బతికే ఉంది!" అంది. నర్సమ్మ "ఆవిడకు తెలిస్తే చేతికర్రతో నిన్నూ నన్నూ ఇద్దరినీ కొడుతుంది" అంది. పోయినవాళ్ళకే కొవ్వొత్తి అట. ఫోటోలో కదిలిన ఆ చివరి పిల్లకు ఇప్పుడు తొంభై ఏడేళ్ళట. టీచరమ్మ పందొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారి ఆమెను చూసింది. గుంపులో నిలబడి ఉంటే ఆమె దగ్గరికి వచ్చి, గౌను మెడపట్టీ సర్ది, "నిటారుగా నిలబడు పిల్లా, నిన్ను చూసేవాళ్ళున్నారు" అందట. ఆ ముచ్చట చెప్పేటప్పుడు టీచరమ్మ చెయ్యి తన మెడపట్టీ మీదికే పోయింది.

వాళ్ళు నవ్వుతున్నారు. నేను ఫోటో వంక చూస్తున్నాను. బతికున్న మనిషి నుదుటికి బొట్టు పెట్టి, మెడలో దండ వేసి, వారం వారం మార్చాను. తొమ్మిది నెలలు. పైగా దీపం పెట్టాను, ఆ దీపం ఆరిపోయింది. వాళ్ళు భోజనాల బల్ల దగ్గరికి పోగానే స్టూలెక్కి దండ తీసేశాను. పూలు నిన్నటివే, ఇంకా తాజాగానే ఉన్నాయి. కొంగు తడిచేసి ఆ చివరి పిల్ల నుదుటి బొట్టు తుడిచేశాను. మిగతా పదిమందివి ముట్టుకోలేదు, వాళ్ళు ఎట్లాగూ పోయినవాళ్ళే. దిగి చూస్తే టీచరమ్మ చేతిలో ఖాళీ ప్లేటుతో గుమ్మంలో ఉంది. "పూలు వాడినయ్" అన్నాను. సరే అన్నట్టు తలూపి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏందే, నువ్వు దండేస్తె మనుషులు సస్తరా? గంత బలముంటె మా ఫోర్‌మన్ ఫోటో తెస్త, గాయనకు ఒకటెయ్యి" అన్నాడు.

"నవ్వకు. గామె బతికున్న మనిషి. నేను తెల్వక జేసిన."

"తెల్వక జేస్తె పాపం గాదు. తొంభై ఏడేండ్లంట, ఇంకెన్నేండ్లుంటది గామె? యల్లా, జల్ది అన్నం బెట్టు."

నేను అన్నం పెట్టాను. కానీ ఆ తర్వాత టీచరమ్మ ఇంట్లో ఫోన్ మోగితే చాలు, నా చేతిలో ఉన్న గిన్నె కిందపడేది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి టీచరమ్మ వంటగదిలో నేలమీద కూర్చుని ఉంది. ఎప్పుడూ కుర్చీ చూపించే మనిషి నేలమీద కూర్చుంది. బడి బట్టలు కూడా మార్చలేదు. "ఆమె పోయింది చెల్లె" అంది. ఎవరని నేను అడగలేదు. చిన్నపిల్లలా ఏడ్చింది. జీవితంలో ఒక్కసారి, ఒక్క నిమిషం చూసిన మనిషి కోసం అంత ఏడుపు ఎట్లా వస్తుందో నాకు తెలియలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే: నా దండ, నా దీపం. పక్కన కూర్చుని వీపు నిమరాల్సిన దాన్ని, తడిబట్టల బుట్ట పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాను. ఆ రోజు ఆమె కూర్చోమని అనలేదు.

వారం తర్వాత "ఇప్పుడు దండ వేద్దాం. ఇప్పుడు పదకొండుమందీ పెద్దలయ్యారు కదా, మీ పద్ధతిలో" అంది. ఆ ఫోటోకు మళ్ళీ నా చేత్తో దండ వేయడమంటే, చేసిన పని పూర్తిచేసినట్టే అనిపించింది. "పూలు రాలేదు టీచరమ్మా, విమానం లేటంట" అన్నాను. ఆ పైవారం కూడా అదే చెప్పాను. మూడోవారం ఆమె తానే బజారుకు పోయి, కాగితంలో చుట్టిన మల్లెదండ తెచ్చింది. పూల దుకాణం నిండా పూలున్నాయని ఆమె చెప్పలేదు. నేను అబద్ధమాడానని మా ఇద్దరికీ తెలిసింది, అంతే.

స్టూలెక్కి ఆమే వేసింది. రెండు కొసలూ ఒకే మేకుకు కట్టడంతో దండ ఫోటో పక్కన తాడులాగా వేలాడింది. దిగి నా వంక చూసింది. నేను పోయి సరిచేస్తానని ఎదురుచూసింది. నేను కదల్లేదు. "నాకు అర్థం కావట్లేదు చెల్లె" అంది. "నాకు గూడ" అన్నాను. అది అబద్ధం కాదు.

చెప్పేయొచ్చు కదా అని మీరనుకుంటారు. నేనూ వందసార్లు అనుకున్నాను. కానీ ఏమని చెప్పాలి? మీ అక్కను నేను చంపానని చెప్పాలా? ఏ భాషలో చెప్పాలి? ఆమె నవ్వితే తట్టుకోలేను, నవ్వకపోతే అంతకంటే తట్టుకోలేను. ఆ రోజుల్లోనే ఒకసారి నా కుంకుమ డబ్బీ మూత వంకరగా ఉంది, ఉప్పు సీసా చుట్టూ ఎర్రగా ఒలికి ఉంది. నా పరధ్యానమే అనుకుని తుడిచేశాను. ఆ ఫోటో వైపు మాత్రం తల ఎత్తేదాన్ని కాదు. ముందుగది తుడిచేటప్పుడు కూడా వంచిన తల వంచినట్టే తుడిచేదాన్ని.

టీచరమ్మ మాత్రం మారలేదు. "మీ ఆడవాళ్ళు ఎక్కడ కలుస్తారు?" అని అడిగింది ఒకసారి. మేముండే గుదైబియాలో లాండ్రీ మెట్లమీద శుక్రవారం ఒక నలుగురం కూర్చుంటామని చెప్పాను. "పేర్లు రాసుకున్నారా?" అంది. ఆకుపచ్చ పెన్సిలు, ఒక నోటుబుక్కు ఇచ్చింది. మాకు నవ్వొచ్చింది గానీ రాసుకున్నాం: పేరు, ఊరు, ఇక్కడ ఏ ఇంట్లో పని, ఏమైనా అయితే ఎవరికి కబురు చేయాలి. ఒక శుక్రవారం ఒకామె రాకపోతే ఆ పుస్తకం చూసుకునే వాళ్ళ ఇంటికి పోయాం. జ్వరంతో పడి ఉంది, ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. ఇప్పుడు ఆ పుస్తకంలో ఇరవై ఆరుమందిమి ఉన్నాం.

రెండేళ్ళ కిందట ఆమె బడి కాంట్రాక్టు అయిపోయింది. సామాను పెట్టెల్లో సర్దాక, ఖాళీ గదిలో మిగిలిన ఒకే కుర్చీ నాకు చూపించి, తాను పెట్టెమీద కూర్చుంది. "నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా చెల్లె?" అని అడిగింది. ఉంది. "ఇస్త్రీపెట్టె వైరు జర పోయింది టీచరమ్మా, అక్కడికి పోయినంక మార్పియ్యుండ్రి" అన్నాను. ఆమె నా మెడ దగ్గర వంకరగా ఉన్న చున్నీ సర్దింది. "నిటారుగా నిలబడు" అంది. అదే చివరిచూపు.

నర్సమ్మ ఫోన్ చేసిన పది రోజులకు, శుక్రవారం మధ్యాహ్నం మా గుదైబియా గదికే వచ్చింది. చేతిలో గోధుమరంగు కాగితం చుట్టిన పెద్ద పార్శిలు. టీచరమ్మ మేనకోడలు పంపిందట. మా ఆయన కత్తితో తాడు కోశాడు. లోపల ఆ ఫోటో. దాంతో ఒక ఉత్తరం. ఇల్లు సర్దుతుంటే ఫోటో వెనక మీ పేరు రాసి ఉంది, అని రాసింది ఆ పిల్ల. "అద్దం మీద మరకలున్నాయి. మా అత్త బతికుండగా వాటిని ఎవరినీ తుడవనివ్వలేదు, అందుకే అట్లాగే పంపుతున్నాను." ఉత్తరంలోనే టీచరమ్మ పాస్‌పోర్టు ఫోటో ఒకటి ఉంది. నర్సమ్మ చదివి వినిపించి, నా బుగ్గ తాకి వెళ్ళిపోయింది.

ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి తల ఎత్తి చూశాను. పదిమంది నుదుళ్ళ మీద నా బొట్లు, చిన్నవి, గుండ్రటివి, రంగు వెలిసి ఇటుకపొడిలా అయ్యాయి. పదకొండో నుదురు ఖాళీగా ఉండాలి. నేనే తుడిచాను. ఖాళీగా లేదు. అక్కడ ఒక పెద్ద బొట్టు ఉంది. వంకరగా, కనుబొమ్మ దాకా జారి, బొటనవేలు మొత్తం అద్దినట్టుగా.

మా ఆయన నా భుజం మీదుగా వంగి చూశాడు. "గిది నీ చెయ్యి గాదే. నీ వేలు గింత లేదు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

వంకరగా ఉన్న డబ్బీ మూత గుర్తొచ్చింది. గుమ్మంలో ఖాళీ ప్లేటుతో నిలబడిన మనిషి గుర్తొచ్చింది. నేను ఆ ఒక్క బొట్టే తుడవడం ఆమె చూసింది. నేను భయపడి వదిలేసిన పని ఆమె తన వేలితో చేసింది. నాకు ఒక్క మాట చెప్పకుండా, నేను చెప్పేదాకా ఆగింది. నేను చెప్పలేదు. నా దండ వల్ల ఆ ముసలామె పోయిందా లేదా, ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. ఎవరు చెప్పినా తేలదేమో. కానీ ఏడుపు మాత్రం అప్పుడు వచ్చింది. మంగళవారం రావాల్సిన ఏడుపు.

లేచి తువ్వాలు తీసుకుని స్నానాల గదికి పోయాను. మా అంతస్తులో నాలుగు ఇళ్ళకూ ఒకటే స్నానాల గది. తలమీద నుంచి బక్కెటు నీళ్ళు పోసుకుని, తడిజుట్టుతో బయటికి వస్తే, వరసలో నిలబడిన జగిత్యాల ఆవిడ "గీ ఎండపూట తలకు పోసుకున్నవ్, ఎవలన్న పోయిండ్రా?" అని అడిగింది.

"మా అక్క పోయింది" అన్నాను.

"అయ్యో! నీకు అక్కున్నదని ఎన్నడు జెప్పకపోతివి" అంది ఆమె.

గదిలోకి వచ్చి టీచరమ్మ పాస్‌పోర్టు ఫోటోను ఫ్రేము ఎడమ మూలన దోపాను. కుంకుమ తీసి ఈసారి ఉంగరపు వేలితో కాకుండా బొటనవేలితో పెట్టాను, వంకరగానే వచ్చింది. దండ కోసం మా ఆయన అడగకుండానే చెప్పులేసుకుని బజారుకు పోయాడు. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. ఫోటోలో పదిమంది కెమెరా వంక చూస్తున్నారు. కదిలిన ఆ పిల్ల మాత్రం, నుదుటిమీద అంత పెద్ద బొట్టుతో, పక్కకు తిరిగి, మూలన కొత్తగా వచ్చి కూర్చున్న మనిషిని చూసి నవ్వుతోంది.